నిషేధం ఉన్న ఊరికి తూటాలు ఎట్లా చేరతాయి?

అనంతపురం నుంచి ఒక తమ్ముడి ప్రశ్న: "గ్రూప్స్‌కు చదువుకుంటున్నాను. సూడాన్ దేశంలోని డార్ఫూర్ ప్రాంతం మీద ఐక్యరాజ్యసమితి ఆయుధ నిషేధం 2004 నుంచే ఉందని చదివాను. మరి 2025 అక్టోబరులో అక్కడి అల్ ఫాషర్ పట్టణంలో అంతమందిని చంపినవాళ్లకు ఆయుధాలు ఎక్కడి నుంచి వచ్చాయి? దొంగరవాణా చేసేవాళ్లు నిషేధాన్ని ఇంత సులువుగా దాటేస్తారా? అసలు ఇందులో మన దేశానికేమైనా సంబంధం ఉందా?"

తమ్ముడూ, వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు. నాది కర్నూలు. సైన్యంలో ఆర్డినెన్స్ విభాగంలో 28 ఏళ్లు చేశాను. నా పని మొత్తం మందుగుండు లెక్కలే. అందులో ఒక ఏడాది శాంతిసేనతో పాటు కాంగోలో, గోమా అనే ఊళ్లో ఉన్నాను. రిటైరయ్యాక బేతంచెర్ల పక్క ఒక క్వారీలో పేలుడు సామగ్రి దాచే మ్యాగజైన్‌కు ఇన్‌చార్జిగా మూడేళ్లు పనిచేసి మానేశాను. ఎందుకు మానేశానో కూడా నీ జవాబులో భాగమే, చెప్తా.

ముందు 'దొంగరవాణా' అన్న మాట పక్కన పెట్టు. ఆ మాటతో మొదలుపెడితే రాత్రిపూట పడవలు, ముసుగు మనుషులు కళ్లముందుకొస్తారు. అట్లాంటివి లేవని కాదు, కానీ టన్నుల లెక్కన పోయే సరుకు అట్లా పోదు. ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు దానికి లైసెన్సు ఉంటుంది, బిల్లు ఉంటుంది, ఇన్సూరెన్సు కూడా ఉంటుంది. సరుకు దర్జాగా బయల్దేరుతుంది. దారిలో ఎక్కడో పక్కకు తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర ఎవరూ నిలబడి ఉండరు.

మన క్వారీనే తీసుకో. జిలెటిన్ కడ్డీలు సంతలో దొరికే సరుకు కాదు. కొనాలంటే లైసెన్సు ఉండాలి, ఇండెంటు పెట్టాలి, బండి కదలాలంటే పాస్ ఉండాలి. మ్యాగజైన్‌లో రిజిస్టరు పెట్టాలి: వచ్చిందెంత, వాడిందెంత, మిగిలిందెంత. 25 కిలోల పెట్టెలో 125 గ్రాముల కడ్డీలు 200 ఉంటాయి. పెట్టె నా గదిలోకి వచ్చేదాకా లెక్క ఒక్కటి కూడా తప్పదు. ఆ తర్వాత సంగతి చూడు. పొద్దున బండలు పేల్చే పనివాడు, అంటే బ్లాస్టర్, పెట్టె తీసుకుపోతాడు. సాయంత్రం వచ్చి 'అన్నీ కాల్చేశాం సార్' అని సంతకం పెడతాడు. కాల్చిన కడ్డీకి సాక్ష్యం ఏముంటుంది? పొగ. 150 కాల్చి 200 అని రాస్తే, తక్కిన 50 ఎక్కడికి పోయాయో నాగపూర్‌లో ఉన్న పేలుడు పదార్థాల శాఖకు ఎట్లా తెలుస్తుంది?

అవన్నీ ఫ్యాక్షన్‌కు పోయేవని అనుకోకు. సీమ అనగానే సుమోలు, బాంబులు గుర్తురావడం సినిమావాళ్ల పుణ్యం. నేను చూసినంతలో ఎక్కువభాగం బావిలో బండ పగలగొట్టుకునే రైతుల దగ్గరికీ, చెరువులో చేపలు పేల్చేవాళ్ల దగ్గరికీ పోయేది. అయినా లైసెన్సు మీద వచ్చిన సరుకు లైసెన్సు లేని చేతికి పోవడం పోవడమే. 2021 మేలో కడప జిల్లా మామిళ్లపల్లె దగ్గర ముగ్గురాయి గనిలో జిలెటిన్ దించుతుంటే పేలి కూలీలు చనిపోయారు, గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత కొన్నాళ్లు మా దగ్గర రిజిస్టర్లు అద్దంలాగా ఉండేవి. మరుసటి ఏడాది ఒకరోజు 40 కడ్డీలు తేడా వస్తే, 'బండలో కడ్డీలు పెట్టే హోల్స్ ఎక్కువ వేశామని రాసెయ్యి సుబేదార్' అన్నారు పైవాళ్లు. తాళంచెవులు బల్లమీద పెట్టి వచ్చేశాను. గొప్ప కోసం చెప్పడం లేదు. రాసి ఉంటే రేపు పోలీసులు పట్టుకునేది నన్నే, వాళ్లను కాదు.

ఈ లెక్క నాకు ఎందుకు అంత పట్టింపో కూడా చెప్పాలి. ఫైరింగ్ రేంజ్‌లో వంద తూటాలు ఇస్తే వంద ఖాళీ కేసులు తిరిగి లెక్కపెట్టి తీసుకుంటాం. ఒకటి తక్కువైతే జవాన్లందరూ మోకాళ్లమీద కూర్చుని చీకటిపడేదాకా గడ్డిలో వెతకాల్సిందే. దేశాల మధ్య జరిగే ఆయుధ వ్యాపారంలో ఆ ఖాళీ కేసు అడిగేవాడు లేడు. అక్కడ మన బ్లాస్టర్ సంతకం లాంటిదే ఒక కాగితం ఉంటుంది. దాన్ని ఎండ్ యూజర్ సర్టిఫికెట్ అంటారు. 'ఈ సరుకు మా సైన్యం వాడుకోవడానికే, మీ అనుమతి లేకుండా ఇంకెవరికీ ఇవ్వం' అని కొనే ప్రభుత్వం రాసిచ్చే హామీ. అమ్మే దేశం ఆ కాగితం చూసి ఎగుమతి లైసెన్సు ఇస్తుంది. ఆ కాగితం దొంగది కావచ్చు, డబ్బిచ్చి తెచ్చింది కావచ్చు, నిజమైనదే అయ్యుండి కూడా సరుకు చేరాక మాట తప్పవచ్చు. ఈ మూడింటికీ చరిత్రలో ఉదాహరణలున్నాయి.

దొంగ కాగితానికి మన దేశమే ఉదాహరణ. 1995 డిసెంబరు 17 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో ఒక ఆంటొనోవ్ విమానం పారాచూట్లకు కట్టి వందలకొద్దీ ఏకే తుపాకులు, లక్షలకొద్దీ తూటాలు పడేసి వెళ్లింది. పొద్దున లేచి చూస్తే పొలాల్లో పెట్టెలు. నేనప్పుడు కుర్ర జవానును, యూనిట్‌లో వారం రోజులు ఇదే ముచ్చట. ఆ సరుకు బల్గేరియాలోని బుర్గాస్‌లో ఎక్కింది. కాగితంలో కొనేవాడు బంగ్లాదేశ్. బంగ్లాదేశ్‌కు ఆ సంగతే తెలియదు. విమానం మన వారణాసిలోనే దిగి ఇంధనం పోయించుకుంది! బ్రిటిష్ దళారి పీటర్ బ్లీచ్, లాత్వియా సిబ్బంది దొరికారు, జైలుకు పోయారు, తర్వాత క్షమాభిక్షతో బయటికొచ్చారు. అసలు సూత్రధారి అని చెప్పే డెన్మార్క్ వ్యక్తి కిమ్ డేవీ తప్పించుకుపోయాడు. అతణ్ణి మనకు అప్పగించడానికి డెన్మార్క్ కోర్టులు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

డబ్బుకో మొహమాటానికో ఇచ్చిన కాగితం లైబీరియా కథ. అక్కడి అధ్యక్షుడు చార్లెస్ టేలర్ పక్కదేశం సియెరా లియోన్‌లో ఆర్‌యూఎఫ్ అనే తిరుగుబాటు ముఠాను పోషించాడు. పిల్లలని కూడా చూడకుండా చేతులు నరికిన ముఠా అది. లైబీరియా మీద ఆయుధ నిషేధం 1992 నుంచే ఉంది. 2000 జూలైలో ఉక్రెయిన్ నుంచి 113 టన్నుల తూటాలు, సుమారు 50 లక్షలు, పెద్ద విమానంలో ఐవరీ కోస్ట్‌లోని అబిడ్జాన్‌లో దిగాయి. కాగితం మీద సంతకం చేసింది ఐవరీ కోస్ట్ సైనిక పాలకుడు రాబర్ట్ గుయీ. కాగితం దొంగది కాదు, సంతకం దొంగది కాదు. కొన్ని అక్కడ ఉంచుకుని తక్కినవి చిన్న విమానంలో పలు ట్రిప్పులుగా లైబీరియా రాజధాని మన్రోవియాకు తోలారు. లియోనిడ్ మినిన్ అనే దళారి మరుసటి నెలలోనే ఇటలీలో ఒక హోటల్ గదిలో పట్టుబడ్డాడు. పట్టుకున్నది మాదకద్రవ్యాల కేసులో, గదిలో దొరికింది ఈ కాగితాల కట్ట. అంత దొరికినా ఇటలీ కోర్టు ఏమందో తెలుసా? ఆ ఆయుధాలు ఇటలీ నేలను తాకలేదు కాబట్టి మాకు విచారించే అధికారం లేదంది.

అన్నీ అట్లాగే పోయాయని చెప్పను. అదే టేలర్‌కు ఆయుధాలు తెచ్చిన కలప వ్యాపారి గుస్ కౌవెన్‌హోవెన్‌కు 2017లో నెదర్లాండ్స్ కోర్టు 19 ఏళ్ల శిక్ష వేసింది, నిషేధం ఉల్లంఘించినందుకే కాదు, యుద్ధనేరాల్లో భాగస్వామి అని కూడా. టేలర్‌కు 2012లో 50 ఏళ్లు పడింది. ఇట్లాంటి తీర్పులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. దళారి ఒక దేశం, కంపెనీ ఇంకో దేశం, విమానం మూడో దేశంలో రిజిస్ట్రేషన్, బ్యాంకు నాలుగో దేశం. మా స్టేషన్ పరిధిలోకి రాదు అని పంపించే పోలీసుల్ని మనం చూడలేదా, ఇదీ అంతే, కాకపోతే స్టేషన్లు దేశాలంత ఉంటాయి.

ఇప్పుడు గోమాకు వస్తా. రువాండా సరిహద్దులో, సరస్సు ఒడ్డున, అగ్నిపర్వతం కింద ఉంటుంది ఆ ఊరు. నల్లటి లావా రాయి మీద ఇళ్లు. మన బేతంచెర్ల బండల మీద తిరిగిన కాళ్లకు కొత్తగా అనిపించలేదు. 1994లో రువాండాలో సుమారు 8 లక్షల మందిని వంద రోజుల్లో చంపారు. మే 17న భద్రతా మండలి 918వ తీర్మానంతో రువాండా మీద ఆయుధ నిషేధం పెట్టింది. చంపడం మొదలై అప్పటికే నలభై రోజులు. నిషేధం పెట్టాక కూడా సరుకు దిగిన విమానాశ్రయాల్లో ఒకటి ఈ గోమా. నా డ్యూటీ ఆ రన్‌వేకు పక్కనే.

అట్లా దిగిన సరుకులో ఒకదాని కథ విను. 1993లో సోమాలియాకు ఆయుధాలు తీసుకుపోతున్న మాలో అనే ఓడను సీషెల్స్ ప్రభుత్వం పట్టుకుంది. సోమాలియా మీద నిషేధం ఉంది కాబట్టి సరుకు స్వాధీనం చేసుకుంది. మెచ్చుకోవాల్సిన పనే. ఏడాది దాటాక 1994 జూన్‌లో ఆ సరుకునే ఒక దక్షిణాఫ్రికా దళారి ద్వారా అమ్మేసింది. కాగితంలో కొనేది జైర్, అంటే ఇప్పటి కాంగో. నిజంగా కొన్నది కల్నల్ బగోసోరా, రువాండా మారణహోమం నేరాలకు తర్వాత అంతర్జాతీయ కోర్టు శిక్షవేసిన మనిషి. సుమారు 80 టన్నులు రెండు ట్రిప్పుల్లో గోమాలో దిగాయి. ఒక నిషేధం కింద పట్టుకున్న సరుకుతో ఇంకో నిషేధాన్ని ఉల్లంఘించారన్నమాట. మా పనిలో ఇన్నేళ్లు ఉండి కూడా ఇట్లాంటి లెక్క నేను ఇంకెక్కడా చూడలేదు.

బ్రిటన్‌లో మిల్-టెక్ అనే కంపెనీ కూడా అదే రోజుల్లో అల్బేనియా నుంచి, ఇజ్రాయెల్ నుంచి సుమారు 55 లక్షల డాలర్ల తూటాలు, గ్రెనేడ్లు చేరవేసింది. కంపెనీ రిజిస్ట్రేషన్ ఐల్ ఆఫ్ మాన్ దీవిలో. బ్రిటన్ నిషేధాన్ని తన చట్టంలో రాసుకుంది గానీ ఈ దీవులను అందులో చేర్చడం మరిచిపోయింది. కేసు లేదు. ఐక్యరాజ్యసమితి తీర్మానం దానంతటదే ఎవర్నీ జైల్లో పెట్టదు, ప్రతి దేశమూ తన చట్టంలో రాసుకోవాలి. ఒక లైను మరిచిపోతే అంతే.

ఇక్కడ చాలామంది నన్ను అడిగే మాట ఒకటుంది. 'రువాండాలో కత్తులతో నరికారు కదా, ఆయుధ నిషేధం ఉంటే ఎంత, లేకుంటే ఎంత?' నిజమే, 1993 జనవరి నుంచి 1994 మార్చి మధ్య ఆ చిన్న దేశం సుమారు 5,81,000 కత్తులు దిగుమతి చేసుకుంది. కత్తి వ్యవసాయ పనిముట్టు, దాన్ని ఏ నిషేధమూ ఆపదు. కానీ జనం చర్చీల్లో, బడుల్లో, కొండలమీద వేలమంది ఒక్కచోట చేరి రాళ్లతోనైనా తిరగబడితే కత్తులు పట్టుకున్నవాళ్లు దగ్గరికి పోలేరు. ముందు సైనికులో పోలీసులో వచ్చి గ్రెనేడ్లు వేసి, కాల్చి, చెదరగొట్టేవాళ్లు. తర్వాతే కత్తులు. మన పక్క పాతతరం వాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. జీపు మీద ముందు బాంబు పడుతుంది, దిగి పరుగెత్తినవాడి మీద తర్వాత వేటకొడవలి లేస్తుంది. చావు లెక్క కొడవలి ఖాతాలో పడుతుంది గానీ దారి తెరిచేది బాంబు.

నా పని అక్కడ, ముఠాలు అప్పగించిన ఆయుధాల నంబర్లు రాసుకోవడం. తూర్పు కాంగో ముఠాల మీద 2003 జూలై నుంచి ఆయుధ నిషేధం ఉంది. వచ్చే ఏకేలు మహా పాతవి. కొయ్య అరిగిపోయి, బెల్టుకు బదులు చీరగుడ్డలాంటి పీలిక కట్టి ఉండేది. నా కంటే పెద్దవి కొన్ని. తూటాలు అట్లా కాదు. తూటా అడుగున ఫ్యాక్టరీ నంబరు, తయారైన సంవత్సరం గుద్ది ఉంటాయి. తుపాకీది ఒక తరం, తూటాది నిన్న మొన్నటి సంవత్సరం. అది చూసినప్పుడే నాకు విషయం అర్థమైంది. తుపాకీ ఒకసారి చేరితే నలభై ఏళ్లు బతుకుతుంది, దాన్ని ఇప్పుడు ఏ నిషేధమూ వెనక్కి తేలేదు. తూటా అట్లా కాదు, కాల్చిన ప్రతిసారీ కొత్తది కావాలి. మారణకాండ నెలల తరబడి సాగుతోందంటే ఎవరో నెలనెలా సరుకు పోస్తున్నారనే అర్థం. వార్తల్లో డ్రోన్లు, ఫిరంగులు చూపిస్తారు. నన్నడిగితే మోర్టార్ గుండ్లు, ఏకేలో వాడే 7.62 తూటాలు ఎవరు పోస్తున్నారో చూడమంటా.

ఇంతదాకా వచ్చాక డార్ఫూర్ సులువుగా అర్థమవుతుంది. 2004 జూలైలో 1556వ తీర్మానం డార్ఫూర్‌లోని ప్రభుత్వేతర ముఠాలకు, అంటే జంజవీద్ లాంటి వాటికి, ఆయుధాలు ఆపింది. 2005 మార్చిలో 1591వ తీర్మానం దాన్ని అక్కడ పోరాడే అన్ని పక్షాలకూ వర్తింపజేసింది. కానీ ఎక్కడ? డార్ఫూర్‌లో మాత్రమే. సూడాన్ రాజధాని ఖార్టూమ్‌కు అమ్మడం ఐక్యరాజ్యసమితి లెక్కలో తప్పు కాదు. మన పక్క పోలిక చెప్పాలంటే, కర్నూలు జిల్లా అంతటా సరుకు అమ్మొచ్చు, ఆలూరు మండలంలోకి మాత్రం పోకూడదు, రోడ్డు మీద చెక్‌పోస్టు మాత్రం ఉండదు. కర్ణాటక మద్యం ప్యాకెట్లు చెక్‌పోస్టులుండి కూడా ఆదోనిలో దొరుకుతున్నాయి కదా.

జంజవీద్ ముఠాలే 2013లో ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పేరుతో ప్రభుత్వ దళమయ్యాయి. 2023 ఏప్రిల్ 15న ఆ దళానికీ సైన్యానికీ యుద్ధం మొదలైంది. ఆ ఏడాది డార్ఫూర్‌లోని ఎల్ జెనీనా అనే ఒక్క పట్టణంలోనే 10,000 నుంచి 15,000 మంది చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం అంచనా. ఎక్కువమంది మసాలిత్ తెగవాళ్లు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి చాద్‌లోని అమ్‌జరాస్ విమానాశ్రయం మీదుగా ఆర్‌ఎస్‌ఎఫ్‌కు ఆయుధాలు పోతున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఆ బృందం 2024 మొదట్లో రాసింది. అవి సహాయ విమానాలనీ, అక్కడ తాము ఆస్పత్రి నడుపుతున్నామనీ ఎమిరేట్స్ అంటోంది. ఆయుధాల మాట ఇప్పటికీ ఒప్పుకోదు.

అయినా సరుకు మీద గుర్తులుంటాయి కదా. 2024 నవంబరులో డార్ఫూర్‌లో పట్టుబడిన కాన్వాయ్‌లో బల్గేరియా తయారీ 81 మిల్లీమీటర్ల మోర్టార్ గుండ్లు కనిపించాయి. బ్యాచ్ నంబర్లు పట్టుకుని వెనక్కి పోతే, అవి 2019లో ఎమిరేట్స్ సైన్యానికి అమ్మినవని తేలింది. వేరే ఎవరికైనా ఇవ్వడానికి మేం అనుమతించలేదు అంది బల్గేరియా. చైనా తయారీ ఏహెచ్-4 ఫిరంగి, జీబీ50ఏ గైడెడ్ బాంబు సూడాన్‌లో వాడారని 2025 మేలో ఆమ్నెస్టీ అనే మానవ హక్కుల సంస్థ ఫొటోలతో సహా బయటపెట్టింది. ఆ ఫిరంగిని చైనా దగ్గర కొన్నట్టు తెలిసిన దేశం ఎమిరేట్స్ ఒక్కటే. దాన్నీ వాళ్లు కాదన్నారు. ఏడాదిన్నర ముట్టడి తర్వాత 2025 అక్టోబరు 26న అల్ ఫాషర్ ఆర్‌ఎస్‌ఎఫ్ చేతిలో పడిపోయింది. తర్వాత అక్కడి సౌదీ ప్రసూతి ఆస్పత్రిలోనే రోగుల్ని, వాళ్ల వెంట ఉన్నవాళ్లను కలిపి 460 మందికి పైగా చంపేసినట్టు సమాచారం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

సైన్యం వైపు చేతులు శుభ్రమని నేను అనడం లేదు. వాళ్ల విమానాలు సంతల మీద బాంబులు వేశాయి, వాళ్లకూ బయటి దేశాల డ్రోన్లు వచ్చాయి. కోర్టు సంగతి అడుగుతావేమో. సూడాన్ ప్రభుత్వం ఎమిరేట్స్ మీద జాతిహనన ఒప్పందం కింద అంతర్జాతీయ న్యాయస్థానానికి పోయింది. 2025 మే 5న కోర్టు కేసు కొట్టేసింది. ఆధారాల దాకా పోనేలేదు. ఆ ఒప్పందంలో చేరేటప్పుడే 'ఈ కోర్టు అధికారం మాకు వర్తించదు' అని ఎమిరేట్స్ ఒక షరతు రాసుకుంది, అది చాలింది.

మరి ఐక్యరాజ్యసమితి ఎందుకు ఊరుకుంటుందంటే, నిఘా పెట్టేది ఐదారుగురు నిపుణుల బృందం. వాళ్లకు సోదా చేసే అధికారం లేదు, లెటర్లు రాసి జవాబులు అడగడమే. వాళ్ల నివేదిక పోయే ఆంక్షల కమిటీలో 15 దేశాలూ ఒప్పుకుంటేనే ఏదైనా జరుగుతుంది. ఒక్కరు అడ్డం చెప్పినా ఆగిపోతుంది. వీటో ఉన్న ఐదు దేశాలూ పెద్ద ఆయుధ వ్యాపారులే. 2020-24 మధ్య ప్రపంచ ఆయుధ ఎగుమతుల్లో అమెరికా ఒక్కదాని వాటానే 43 శాతం. లిబియా మీద నిషేధం 2011 నుంచి ఉంటే, 2020లో ఐక్యరాజ్యసమితి సొంత ఉప ప్రతినిధే అది నవ్వులాటగా మారిందని మీడియా ముందు అన్నారు.

అట్లాగని నిషేధమే దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. దానికి ఇంకో చెడ్డ ముఖం కూడా ఉంది, పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. 1991లో యుగొస్లావియా మొత్తానికి నిషేధం పెట్టారు. పాత సైన్యం ఆయుధాలు సెర్బుల చేతిలో ఉన్నాయి, బోస్నియావాళ్లకు ఏమీ లేవు. అందరికీ సమానంగా పెట్టిన నిషేధం అప్పటికే ఆయుధాలున్నవాడి పక్షం అయిపోయింది. 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో సెర్బు దళాలు వేలమంది ముస్లింలను చంపేశాయి, నీకు తెలిసే ఉంటుంది. మరి పనిచేసిన చోట ఎందుకు పనిచేసింది? లైబీరియాలో ఆయుధాలతో ఆగకుండా వజ్రాలు, 2003లో కలప కూడా ఆపారు. టేలర్ సరుకు కొనే డబ్బు అక్కడిదే. నిషేధం ఒక్కటే అతణ్ణి దించిందని అనను, తిరుగుబాటుదార్లు రాజధాని దాకా వచ్చారు, వాళ్లకూ నిషేధం దాటి గుండ్లు అందాయి. కానీ డబ్బు దారి మూస్తేనే కాగితం దారి ఇరుకవుతుంది. ఇంకొకటి, సరుకు చేరిన తర్వాత పోయి చూసే పద్ధతి. స్విట్జర్లాండ్, జర్మనీ లాంటి కొద్ది దేశాలు తాము అమ్మిన తుపాకులు కొన్నవాడి దగ్గరే ఉన్నాయా అని మనుషుల్ని పంపి నంబర్లు చూస్తాయి. నా ఉద్దేశంలో అసలు మందు ఇదే. క్వారీలో కూడా ఎవరైనా చెప్పకుండా వచ్చి ఆ రోజు వేసిన హోల్స్ లెక్కపెట్టి ఉంటే, ఆ 40 కడ్డీల మాట నాతో అనేవాళ్లే కాదు.

ఇక మన దేశం. ఈ మాట రాస్తే నన్ను దేశద్రోహి అనేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, 28 ఏళ్లు యూనిఫాం వేసుకున్నా కాబట్టి వాళ్ల గురించి నాకు టెన్షన్ లేదు. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. ఊళ్ల మీద విమానాలతో బాంబులు వేసింది. భద్రతా మండలి అక్కడ నిషేధం పెట్టనే లేదు. ఆ జూన్‌లో సర్వసభ్య సభ మాత్రం ఆయుధాలు పోకుండా చూడమని 119 ఓట్లతో కోరింది. బెలారస్ ఒక్కటే వ్యతిరేకం. ఓటు వేయకుండా ఊరుకున్న 36 దేశాల్లో మనం ఉన్నాం. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ 2023 మేలో లెక్క తీశారు. తిరుగుబాటు తర్వాత ఆ సైన్యానికి చేరిన ఆయుధాలు, విడిభాగాలు, ముడిసరుకు విలువ కనీసం 100 కోట్ల డాలర్లు. రష్యా నుంచి 40.6 కోట్లు, చైనా నుంచి 26.7 కోట్లు, సింగపూర్ కంపెనీల నుంచి 25.4 కోట్లు, మన దేశం నుంచి 5.1 కోట్లు. పెద్దవాళ్ల పక్కన మనది చిన్న మొత్తమే. సరిహద్దు, ఈశాన్య తీవ్రవాదులు, చైనా అంటూ మనకు కారణాలున్నాయి, అవి ఉత్త సాకులని కూడా నేను అనను. కానీ ఆ నివేదిక వచ్చాక సింగపూర్ విచారణ మొదలుపెడితే, అక్కడి నుంచి పోయే సరుకు మరుసటి ఏడాదికే దాదాపు పదో వంతుకు పడిపోయింది. గట్టిగా అనుకుంటే ఆగుతుందన్నమాట.

ఆయుధ వ్యాపార ఒప్పందం అని ఒకటుంది, 2013 ఏప్రిల్ 2న సభ ఆమోదించింది, 2014 డిసెంబరు 24 నుంచి అమల్లో ఉంది. జాతిహననానికి వాడతారని తెలిస్తే అమ్మకూడదని అందులోని 6వ అధికరణం. మనం ఓటింగ్‌లో తటస్థంగా ఉన్నాం, చేరలేదు. అమ్మే దేశాలు దీన్ని అడ్డుపెట్టుకుని కొనే దేశాలకు సరుకు ఆపేస్తాయనేది మన వాదన. ప్రపంచంలో ఆయుధాలు ఎక్కువగా కొనే దేశాల్లో మనది మొదటి వరుస కాబట్టి ఆ భయం అర్థం చేసుకోదగిందే. ఇప్పుడు మనం అమ్మడం కూడా మొదలుపెట్టాం. కొనేవాడి వాదనతో ఇంకెన్నాళ్లు నడుస్తుందో చూడాలి.

చివరగా పరీక్ష సంగతి. నీ గైడులో 'సూడాన్‌పై ఐక్యరాజ్యసమితి ఆయుధ నిషేధం' అని ఉంటే పెన్నుతో కొట్టేసి 'డార్ఫూర్‌పై' అని రాసుకో. సూడాన్ మొత్తం మీద నిషేధం ఉన్నది యూరోపియన్ యూనియన్‌ది, 1994 నుంచి. బల్గేరియా ఆ యూనియన్‌లో సభ్యదేశం.